మడతలో దాగిన చరిత్ర

అచ్చుయంత్రం రాకపూర్వం తెలుగు కావ్యాలు తాళపత్రాలపై ప్రతికి ప్రతి వ్రాయబడుతూ తరతరాలు నిలిచాయి. లేఖకుడు ఎంత నేర్పరి అయినా ఎక్కడో ఒక అక్షరం జారిపోవడం, ఒక మాటకు బదులు మరొక మాట పడడం తప్పేది కాదు. అట్టి తప్పులను పట్టుకోవడానికి గ్రంథ పరిష్కర్తలకు ఛందస్సు గొప్ప సాధనమైంది. ఉత్పలమాల పాదంలో మొదటి అక్షరానికి పదవ అక్షరంతో యతిమైత్రి కుదరాలి. పాదం ‘క’తో మొదలైతే పదవ చోట ‘క’యే రానక్కరలేదు, ‘గ’ వచ్చినా చెల్లుతుంది. ‘మ’ వస్తే మాత్రం యతిభంగమే. పద్యం ఎరిగిన పాఠకుని చెవి అక్కడ ఆగిపోతుంది. ఒకవేళ మొదటి అక్షరం, పదవ అక్షరం రెండూ మారి, మారిన రెండింటికీ మళ్ళీ మైత్రి కుదిరితే పద్యం నడక చెడదు. పది ప్రతులను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఈ రెండు చోట్లూ ఎప్పుడూ కలిసే మారుతూ ఉంటే, ఛందస్సు చదవనివాడు సైతం వాటి మధ్య ఏదో ముడి ఉన్నదని ఊహించగలడు.

జీవకణంలో ఇటువంటి వ్రాత ఒకటి ఉన్నది. దానికి లేఖకుడు లేడు, పరిష్కర్త లేడు. అయినా అందులో యతిస్థానాల వంటివి ఉన్నాయి. అదే ఆర్.ఎన్.ఎ.

డి.ఎన్.ఎ. రెండుపేటల గొలుసు కాగా, ఆర్.ఎన్.ఎ. సాధారణంగా ఒంటిపేట గొలుసు. దానిలో వరుసగా కూర్చబడినవి నాలుగే అక్షరాలు: అడినిన్, గ్వానిన్, సైటోసిన్, యురాసిల్. గ్వానిన్ సైటోసిన్‌తో మూడు హైడ్రోజన్ బంధాలతోను, అడినిన్ యురాసిల్‌తో రెండు హైడ్రోజన్ బంధాలతోను జత కూడుతాయి. గ్వానిన్ యురాసిల్‌తోను జత కూడుతుంది గాని ఆ పట్టు కొంత సడలుగా ఉంటుంది. ఒంటిపేట గొలుసుకు ఎదుట మరొక పేట లేదు కనుక అది తనపైకి తానే వంగి, తనలోనే జతలను వెదుక్కుంటుంది. జత కుదిరిన భాగం మెలితిరిగిన కాడవలె బిగుసుకుంటుంది. కుదరని భాగం ఉచ్చువలె బయటికి నిలుస్తుంది. కాడలు, ఉచ్చులు మరల ఒకదానిపై ఒకటి ఒరిగి, గొలుసుకు ఒక నిర్దిష్టమైన ఆకృతి ఏర్పడుతుంది. దీనినే శాస్త్రజ్ఞులు మడత అంటారు.

జన్యువులోని సందేశాన్ని మోసే మెసెంజర్ ఆర్.ఎన్.ఎ. విషయంలో ప్రధానమైనది అక్షరాలు చెప్పే అర్థం. కాని కణంలోని ఆర్.ఎన్.ఎ. అంతా వార్తాహరుడు కాదు. అమైనో ఆమ్లాలను మోసుకొనిపోయేది ఒకటి, ప్రోటీనులను కూర్చే రైబోసోముకు శరీరంగా నిలిచేది ఒకటి. కొన్ని ఆర్.ఎన్.ఎ.లు ఎంజైములవలె రసాయనిక చర్యలను నడుపుతాయని థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్ వేర్వేరుగా నిరూపించి 1989లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఈ పనులన్నీ ఆకృతి వల్ల జరిగేవి. తాళంచెవి ఏ లోహంతో పోసినా పళ్ళు సరిగా ఉంటే తాళం తెరుచుకున్నట్లే, అక్షరాలు ఏవైనా మడత సరిగా ఉంటే ఆర్.ఎన్.ఎ. తన పని తాను చేస్తుంది. ప్రతి తరంలోను ఆర్.ఎన్.ఎ. వరుసలో పొరపాట్లు దొర్లుతూనే ఉంటాయి. వాటిలో ఏది నిలవాలో, ఏది నశించాలో తేల్చేది ప్రకృతివరణం. ఆ ప్రకృతివరణం చాలా చోట్ల అక్షరాన్ని చూడదు. ఆ అక్షరం వల్ల మడత నిలిచిందా, విరిగిందా అన్నదే చూస్తుంది.

ఈ సంగతి మొదట బయటపడినది ఈస్టు నుంచి తీసిన ఒక చిన్న ఆర్.ఎన్.ఎ.లో. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హోలీ, ఆయన సహచరులు అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసే ట్రాన్స్‌ఫర్ ఆర్.ఎన్.ఎ.ను శుద్ధి చేయడానికే మూడేళ్ళు శ్రమించారు. దాదాపు 140 కిలోల ఈస్టు నుంచి వారికి దక్కినది ఒక్క గ్రాము. దానిని ముక్కలు చేసి, ముక్కలను మరల వరుసలో పేర్చి, 1965లో 77 అక్షరాల పూర్తి క్రమాన్ని ప్రకటించారు. పూర్తి వరుస తెలిసిన మొట్టమొదటి కేంద్రకామ్లం ఇదే. హోలీ 1968లో మార్షల్ నైరెన్‌బర్గ్, అవిభక్త పంజాబులో జన్మించిన హరగోవింద్ ఖొరానాలతో కలిసి నోబెల్ బహుమతి పొందారు. ఇదే ఆర్.ఎన్.ఎ.కు మూలమైన జన్యువును ఖొరానా బృందం 1970లో రసాయనికంగా నిర్మించి చూపింది.

వరుస తెలిసింది, ఆకృతి ఏది? హోలీ బృందంలోని ఎలిజబెత్ కెల్లర్ ఆ అక్షరాలను వంచి, జతలు కుదిర్చి చూడగా ఒక చక్కని రూపం వచ్చింది. ఒక తొడిమ, దానికి మూడు ఆకులు. పాశ్చాత్యులు దానిని తమ పొలాలలో కనబడే క్లోవర్ ఆకుతో పోల్చారు. మారేడు దళాన్ని చూసినవారికి వేరే బొమ్మ అక్కరలేదు. తొడిమలో ఏడు జతలు, ఒక్కొక్క ఆకు మొదట మూడు నుంచి ఐదు జతలు, ఆకు కొసన ఉచ్చు. ఒక్క వరుసకు ఒక్క బొమ్మ కుదిరినంత మాత్రాన అది నిజమని చెప్పలేరు; కాకతాళీయం కావచ్చు. అయితే తరువాతి రెండు మూడేళ్ళలో వేరే అమైనో ఆమ్లాలను మోసే ఆర్.ఎన్.ఎ.ల వరుసలు ఒక్కొక్కటే వెలువడ్డాయి. అక్షరాలు చాలా చోట్ల వేరు. అయినా ప్రతి వరుసా అదే మారేడు దళంలో ఒదిగింది. 1974లో అమెరికాలోను, ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలోను ఎక్స్‌కిరణాలతో స్ఫటికాలను పరిశీలించినప్పుడు ఆ దళం నిజానికి మరల మడిగి, మోచేయి వంచినట్లు ఉంటుందని తేలింది. కాడలలోని జతలు మాత్రం ఊహించినవే.

అక్షరాలు మారుతూ కాడ నిలవడం ఎట్లు సాధ్యం? ఒక కాడలో గ్వానిన్‌కు ఎదురుగా సైటోసిన్ ఉన్నదనుకుందాం. పొరపాటున గ్వానిన్ అడినిన్‌గా మారితే ఎదుటి సైటోసిన్‌తో దానికి పొత్తు కుదరదు. కాడ అక్కడ ఉబ్బుతుంది, మడత సడలుతుంది. అటువంటి మార్పు గల జీవి ఎంతోకొంత నష్టపోతుంది. తరచుగా దాని వంశం నిలవదు. కాని మొదట మారినది ఎదుటనున్న సైటోసిన్ అయి, అది యురాసిల్‌గా మారినదనుకుంటే కథ వేరు. గ్వానిన్, యురాసిల్ జత సడలుదే అయినా జతే. కాడ కుంటుతూ నిలుస్తుంది. తరువాత ఎన్ని తరాలకో గ్వానిన్ అడినిన్‌గా మారితే అడినిన్, యురాసిల్ జత గట్టిగా కుదురుతుంది. మొదటి జతలోని రెండు అక్షరాలూ పోయాయి. కాడ అట్లే ఉన్నది. ఒక తప్పును మరొక తప్పు సరిదిద్దింది. పద్యంలో కవి తెలిసి చేసే సవరణ ఇక్కడ ఎవరూ తెలిసి చేయరు. లెక్కలేనన్ని పొరపాట్లలో కుదిరినవి మిగులుతాయి, కుదరనివి పోతాయి, అంతే.

ఒక్కొక్కటిగా హాని చేసే రెండు మార్పులు కలిసినప్పుడు హాని లేకుండా ఎట్లు నిలుస్తాయో జపాను శాస్త్రజ్ఞుడు మొటూ కిమురా 1985లో గణితంతో వివరించారు. ఆ వ్యాసం వెలువడినది బెంగళూరులోని భారతీయ విజ్ఞాన అకాడమీ ప్రచురించే ‘జర్నల్ ఆఫ్ జెనెటిక్స్’ పత్రికలో. రెండు స్థానాలు దగ్గరగా, ఒకే అణువులో ఉన్నప్పుడు ఈ జంటమార్పు ఊహించినదానికన్నా తేలికగా జరుగుతుందని ఆయన లెక్క. ఆర్.ఎన్.ఎ. కాడ సరిగా అటువంటిదే.

సడలు జత ఎప్పుడూ దారిలో తగిలే మజిలీ మాత్రమే అనుకోరాదు. హోలీ చదివిన అలనిన్ ఆర్.ఎన్.ఎ. తొడిమలో మూడవ అక్షరం గ్వానిన్, దానికి ఎదురుగా డెబ్బయ్యవ స్థానంలో యురాసిల్. ఈ సడలు జతే దానికి ఆనవాలు అని 1988లో తెలిసింది. అలనిన్‌ను అంటించే ఎంజైము ఆ జతను చూసే తన ఆర్.ఎన్.ఎ.ను గుర్తుపడుతుంది. దానిని గ్వానిన్, సైటోసిన్ జతగా మార్చి కాడను మరింత గట్టిపరిస్తే ఎంజైము దానిని పట్టించుకోదు. ఇక్కడ పరిణామం బలహీనమైన జతనే పదిలంగా కాపాడుకొంటూ వచ్చింది. ఉచ్చులలోను అంతే. జత లేదు కనుక అక్కడి అక్షరాలకు పూర్తి స్వేచ్ఛ ఉన్నదనడం పొరపాటు. మెసెంజర్ ఆర్.ఎన్.ఎ.ను చదివే మూడక్షరాలు ఉండేది ఒక ఉచ్చు కొసనే.

ఈ జంటమార్పులను వెదకడం ఒక పరిశోధన పద్ధతిగా రూపొందినది రైబోసోము విషయంలో. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ ఓస్ జీవులన్నింటి వంశవృక్షాన్ని గీయాలని సంకల్పించారు. సూక్ష్మజీవులకు ఎముకలు లేవు, శిలాజాలు అరుదు. బయటి రూపాన్ని చూసి బంధుత్వం చెప్పడం సాధ్యం కాదు. అందువల్ల ప్రతి జీవిలోను తప్పక ఉండేది, మెల్లగా మారేది అయిన ఒక అణువు ఆయనకు కావలసివచ్చింది. రైబోసోములోని 16 ఎస్ ఆర్.ఎన్.ఎ. అందుకు తగినది. ఎశ్చరీషియా కోలై అనే బాక్టీరియాలో దాని పొడవు 1,542 అక్షరాలు. కొన్ని స్థానాలు జీవులన్నింటిలోను మారవు. కొన్ని నెమ్మదిగా మారుతాయి. కొన్ని తొందరగా మారుతాయి. మడత పెట్టిన నిర్బంధం ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా ఉండడమే ఇందుకు ముఖ్యకారణం. ఒకే గడియారంలో గంటల ముల్లు, నిమిషాల ముల్లు కలిసి ఉన్నట్లు, దగ్గరి బంధుత్వాన్ని చూపే అక్షరాలు, దూరపు బంధుత్వాన్ని చూపే అక్షరాలు ఒకే అణువులో దొరికాయి.

ఏళ్ళ తరబడి ఫిలిం మీది మచ్చలను పోల్చి చూసిన పిమ్మట, 1977లో ఓస్, జార్జ్ ఫాక్స్‌లు మీథేన్ వాయువును ఉత్పత్తి చేసే కొన్ని సూక్ష్మజీవులు బాక్టీరియాకు చెందినవి కావని, మొక్కలు, జంతువుల వంశానికీ చెందవని, అది మూడవ వంశమని ప్రకటించారు. ఈనాడు ఆర్కియా అని పిలువబడేవి ఇవే. సూక్ష్మదర్శినిలో అవి బాక్టీరియావలెనే కనబడతాయి. కంటికి కనబడిన పోలికను కాదని అక్షరాలు చెప్పిన మాటను నమ్మడానికి అప్పటి శాస్త్రలోకంలో చాలామంది వెంటనే ముందుకు రాలేదు.

ఆ తరువాత ఓస్, కాలిఫోర్నియాలోని హ్యారీ నాలర్ కలిసి మరొక పనికి పూనుకున్నారు. 1,542 అక్షరాల గొలుసు ఎట్లు మడిగి ఉన్నది? జతలుగా కుదరగల చోట్లు అందులో లెక్కకు మిక్కిలి. ఏది నిజమైన జతో, ఏది ఊహాజతో ఒక్క వరుసను చూసి చెప్పడం అసాధ్యం. వారు వేర్వేరు జీవుల వరుసలను వరుసకింద వరుసగా పేర్చారు. ఒక చోట గ్వానిన్ ఉన్న జీవులలో దూరంగా ఉన్న మరొక చోట సైటోసిన్, మొదటి చోట అడినిన్ ఉన్న జీవులలో రెండవ చోట యురాసిల్ కనబడితే ఆ రెండింటినీ జతగా అనుమానించారు. ఇటువంటి జంటమార్పు వేర్వేరు వంశాలలో మరల మరల జరిగినట్లు రుజువైతేనే జతగా అంగీకరించారు. ఇది అచ్చంగా తాళపత్ర ప్రతుల పరిష్కరణ వంటి పనే. 1980 నుంచి వెలువడుతూ, సవరింపబడుతూ వచ్చిన ఆ చిత్రంలో ఎవరూ కంటితో చూడని కాడలు డజన్లకొద్దీ ఉన్నాయి.

ఊహ సరియైనదో కాదో తేలడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 2000లో రైబోసోము స్ఫటికాల నిర్మాణాలు వెలువడ్డాయి. వాటిలో చిన్నభాగం నిర్మాణాన్ని వివరించిన వారిలో తమిళనాడులోని చిదంబరంలో జన్మించిన వెంకట్రామన్ రామకృష్ణన్ ఒకరు. ఆయన, థామస్ స్టైట్జ్, అడా యోనత్ 2009లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. స్ఫటికంలో అణువుల స్థానాలను చూసి, పాత చిత్రంతో పోల్చగా, పోలిక పద్ధతి చెప్పిన జతలలో 97 శాతానికి పైగా నిజంగానే ఉన్నాయి. ఖరీదైన యంత్రాలు చూపకముందే, జీవులలో మిగిలిన అక్షరాల మార్పులు ఆ ఆకృతిని చెప్పివేశాయి. ఈ శాస్త్రంలో ఇంతకన్నా గట్టి పరీక్షకు నిలిచిన ఊహలు కొద్ది.

మడతకు, అక్షరానికి గల ఈ సంబంధం పుస్తకాలలోని ముచ్చటగా మిగిలిపోలేదు. మనిషి కణాలలో శక్తిని అందించే మైటోకాండ్రియాకు తనదైన చిన్న డి.ఎన్.ఎ. ఉన్నది. అది తల్లి నుంచి బిడ్డకు సంక్రమిస్తుంది. అందులో 22 ట్రాన్స్‌ఫర్ ఆర్.ఎన్.ఎ.ల జన్యువులు ఉన్నాయి. వీటిలో ఒక్క అక్షరం మారడం వల్ల కండరాల బలహీనత, మూర్ఛ, చెవుడు వంటివి కలుగుతాయని 1990 నుంచి వైద్యులు గుర్తిస్తూ వచ్చారు. 2004లో ఆండ్రూ కెర్న్, అలెక్సీ కొండ్రషోవ్‌లు అనేక క్షీరదాల మైటోకాండ్రియా ఆర్.ఎన్.ఎ.లను మనిషి ఆర్.ఎన్.ఎ.లతో పోల్చారు. మనిషిలో వ్యాధిని కలిగించే అక్షరమే కొన్ని జంతువులలో ఆరోగ్యకరమైన సహజ అక్షరంగా కనబడింది. మనిషికి విషమైనది వాటికి ఎందుకు కాలేదు? కాడలలోని మార్పులను పరిశీలించగా చాలాచోట్ల కారణం ఒకటే. ఆ జంతువులలో ఎదుటి అక్షరమూ మారి ఉన్నది. తెగిన జత వాటిలో మరల కలిసింది, రోగిలో కలవలేదు. అక్షరం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు దానికి ఎదురుగా ఎవరున్నారో తెలియక జవాబు చెప్పడం కుదరదు. రోగి రక్తంలో ఒక కొత్త అక్షరం కనబడినప్పుడు అది హానికరమా కాదా అని తేల్చవలసిన వైద్యునికి ఈ మాట ఎంతో అవసరం.

పరిణామంలో ఈ జంటమార్పులు ఎంత దూరం తీసుకొనిపోగలవు? 76 అక్షరాల ఆర్.ఎన్.ఎ.కు సాధ్యమయ్యే వరుసల సంఖ్య ఐదు పక్కన 45 సున్నాలు పెట్టినదానికన్నా ఎక్కువ. సాధ్యమయ్యే మడతలు అంతకన్నా చాలా తక్కువ. కాబట్టి ఒక్కొక్క సాధారణ మడతకు లెక్కలేనన్ని వరుసలు ఉంటాయి. వియన్నాలో పీటర్ షూస్టర్, ఆయన సహచరులు 1994లో కంప్యూటర్ లెక్కలతో ఒక విశేషాన్ని చూపారు. ఒకే మడత గల వరుసలు ఒకచోట గుంపుగా ఉండవు. ఒకటి రెండు అక్షరాల మార్పుతో ఒకదానినుంచి మరొకదానికి దారి గల విశాలమైన వలవలె పరచుకొని ఉంటాయి. ఆ వల దారాల వెంట నడుస్తూ ఒక ఆర్.ఎన్.ఎ. తన ఆకృతిని పోగొట్టుకోకుండానే తన అక్షరాలలో అధికభాగాన్ని మార్చుకోగలదు. పైకి ఏమీ జరగనట్లే ఉంటుంది. కాని నడిచిన దూరం వ్యర్థం కాదు. వేరొక మడతకు చెందిన వల ఎక్కడో దాని పక్కనుంచే పోతూ ఉంటుంది.

ఇది లెక్కలలోని మాట మాత్రమే కాదని 2000లో ఎరిక్ షుల్టెస్, డేవిడ్ బార్టెల్ ప్రయోగంతో నిరూపించారు. ఎంజైమువలె పనిచేసే రెండు ఆర్.ఎన్.ఎ.లను వారు తీసుకున్నారు. ఒకటి కాలేయవ్యాధికి చెందిన ఒక వైరసులోనిది, తన గొలుసును తాను కోసుకొనేది. రెండవది ప్రయోగశాలలో పుట్టినది, గొలుసులను అతికేది. రెండింటికీ మడతలో గాని వంశంలో గాని సంబంధం లేదు. ఆ రెండు పనులలో దేనినైనా చేయగల ఒకే వరుసను వారు కూర్చారు. ఒక విధంగా మడిగితే అది కోస్తుంది, మరొక విధంగా మడిగితే అతుకుతుంది. రెండు పనులూ మందకొడిగానే సాగినా, అక్కడినుంచి కొద్ది అక్షరాలు అటు మారితే మంచి కత్తెర, ఇటు మారితే మంచి సూది. కొత్త ఆకృతి పుట్టడానికి పాతది నశించి మొదటినుంచి మొదలుపెట్టవలసిన పని లేదని ఈ ప్రయోగం వల్ల స్పష్టమైంది.

మడత స్వేచ్ఛను ఇచ్చినట్లే కొన్నిచోట్ల దాదాపు పూర్తిగా హరిస్తుంది. 2003లో ప్రబలిన సార్స్ వ్యాధి వైరసు, 2019లో బయటపడిన కోవిడ్ వైరసు దాయాదులు. రెండింటి జన్యుపదార్థం ఆర్.ఎన్.ఎ.యే, పొడవు దాదాపు 30 వేల అక్షరాలు. మొత్తంమీద వాటి మధ్య ఐదింట ఒక అక్షరం వేరు. ఈ పొడవైన గొలుసులో ఒకచోట మూడు కాడలు ఒకదానిలో ఒకటి దూరి బిగిసిన ముడి ఉన్నది. మూడేసి అక్షరాల చొప్పున చదువుకుంటూ వచ్చే రైబోసోము ఆ ముడి తగిలి తడబడి, కొన్నిసార్లు ఒక్క అక్షరం వెనుకకు జారుతుంది. జారినప్పుడే దాని అవతలి భాగం సరిగా చదవబడుతుంది. వైరసు తన ప్రతులను తయారుచేసుకొనే ఎంజైము సందేశం ఆ అవతలి భాగంలోనే ఉన్నది. ముడి మరీ బిగిసినా, మరీ సడలినా వైరసు వృద్ధి దెబ్బతింటుంది. రెండు వైరసులలోను ఈ ముడిని పోల్చి చూస్తే తేడా వచ్చినది ఒకే ఒక్క అక్షరంలో. అది కూడా ఏ కాడలోనిదీ కాదు, జత అక్కరలేని ఒక ఉచ్చులోనిది. ఆ ముడికి అంటుకొని రైబోసోము జారుడును చెడగొట్టగల మందుల కోసం 2020 నుంచి పలు ప్రయోగశాలలలో అన్వేషణ సాగుతూ వచ్చింది.